మనసు చదివే డిటెక్టివ్‌కి పంచనామా ఎవరు రాస్తారు?

తెలుగులో సైన్స్ ఫిక్షన్ డిటెక్టివ్ నవలలు రాస్తున్నవాళ్లకీ, రాయాలని కలం పట్టినవాళ్లకీ ఒక పాఠకుడి బహిరంగ లేఖ

రచయిత మిత్రులకు నమస్కారం.

ఈమధ్య మీ సీరియల్స్‌లో ఒక రకం డిటెక్టివ్ తరచుగా తగులుతున్నాడు. భూమికి నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తులో అంతరిక్ష కేంద్రం. అందులో హత్య. మనవాడు రాకెట్ దిగి అనుమానితులందరినీ ఒకచోట కూర్చోబెడతాడు. (భారమే లేనిచోట కూర్చోబెట్టడం ఎలాగో అడగను, వదిలేద్దాం.) కళ్లు మూసుకుంటాడు, కణతలు నొక్కుకుంటాడు, "హంతకుడివి నువ్వే" అని వేలు చూపిస్తాడు. ఆ మనిషి అక్కడికక్కడే భోరుమని ఏడ్చి అంతా ఒప్పేసుకుంటాడు. శుభం.

అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. నేను నెల్లూరు కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసుకునే వకీలుని. చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపులో రోజుకో డిటెక్టివ్ నవల నమిలేసిన బ్యాచ్. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, రాజు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్లినవాణ్ణి. కాబట్టి నా ఫిర్యాదు రెండు వైపుల నుంచీ అనుకోండి. పాఠకుడిగా మోసపోయాననిపిస్తుంది, వకీలుగా నవ్వొస్తుంది. ఎందుకంటే మా కోర్టులో సగం కేసుల్లో హంతకుడెవరో ఊరందరికీ తెలుసు. ఎస్సైకి తెలుసు, సాక్షికి తెలుసు, టీ కొట్టువాడికీ తెలుసు. అయినా కేసు కొట్టేస్తారు. తెలియడం వేరు, రుజువు చెయ్యడం వేరు. మనసులు చదివే మీ టెలిపతీ డిటెక్టివ్ మొదటి పని మాత్రమే చేసి ఇంటికి వెళ్లిపోతున్నాడు.

టెలిపతీ వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అలా చెప్పిన పెద్దలు ఉన్నారు. 1928లో అమెరికన్ డిటెక్టివ్ రచయిత ఎస్.ఎస్. వాన్ డైన్ ఇరవై నియమాలు రాసిపెట్టాడు. మనసులు చదవడం, ఆత్మలను పిలిపించడం, స్ఫటిక గోళంలో చూడటం లాంటి వాటితో నేరం తేల్చకూడదన్నది వాటిలో ఒకటి. మరుసటి ఏడాది ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ అనే క్రైస్తవ మతగురువు పది నియమాలు పెట్టి, అతీంద్రియ శక్తులు వద్దనీ, కారణం చెప్పలేని స్ఫురణ డిటెక్టివ్‌కి కలగకూడదనీ అన్నాడు. వాళ్ల బాధ సబబే. పాఠకుడు డిటెక్టివ్‌తో పోటీపడి ఆలోచిస్తాడు. డిటెక్టివ్ దగ్గర దివ్యదృష్టి ఉంటే ఇంక పోటీ ఏముంది? సైన్స్ ఫిక్షన్‌లో అసలు డిటెక్టివ్ కథ కుదరదని జాన్ కాంప్‌బెల్ అనే పేరున్న సంపాదకుడు అంటుండేవాడు. డిటెక్టివ్ ఎప్పుడు ఏ కొత్త యంత్రం జేబులోంచి తీస్తాడో తెలియదు కదా అని ఆయన అనుమానం. ఆ మాట తప్పని చూపించడానికే ఐజాక్ అసిమోవ్ 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్' రాశాడు. అది 1954లో పుస్తకంగా వచ్చింది.

దానికంటే ఏడాది ముందే టెలిపతీ సంగతి కూడా తేలిపోయింది. ఆల్ఫ్రెడ్ బెస్టర్ 'ది డిమాలిష్డ్ మ్యాన్' 1953లో సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డుని మొట్టమొదట తీసుకున్న నవల. మీలో ఎంతమంది చదివారో తెలియదు, చదవకపోతే మాత్రం ఇప్పుడు రాస్తున్న ఎపిసోడ్ పక్కన పెట్టి చదవండి. మనసులు చదివేవాళ్లు మన చుట్టూ డాక్టర్లుగా, పోలీసులుగా, మేనేజర్లుగా తిరిగే కాలం అది. దశాబ్దాలుగా ఎవరూ ముందుగా అనుకుని హత్య చెయ్యలేకపోయారు, అనుకున్నప్పుడే పట్టుబడతారు కాబట్టి. అలాంటి లోకంలో బెన్ రైక్ అనే కోటీశ్వరుడు హత్యకు పూనుకుంటాడు. హంతకుడెవరో పాఠకుడికి మొదటి నుంచీ తెలుసు. పోలీసు అధికారి లింకన్ పావెల్ పెద్ద టెలిపాత్, అతనికీ తొందరగానే తెలిసిపోతుంది. అయినా పుస్తకం అయిపోదు, అక్కడే మొదలవుతుంది. మనసులో చూసింది ఆ కోర్టులో చెల్లదు. ఉద్దేశం, పద్ధతి, అవకాశం మూడూ ఆధారాలతో చూపించాలి. కేసు నిలబడుతుందో లేదో ముందుగా ఒక ప్రాసిక్యూషన్ కంప్యూటర్ చూసి చెబుతుంది. దానికి మొహమాటం లేదు, లోటు కనిపిస్తే ఫైలు వెనక్కి. ఆ కంప్యూటర్ ముందు పావెల్ నిలబడే తీరు చూస్తే ప్రభుత్వం తరఫున వాదించే మా ఏపీపీలు గుర్తొచ్చి నాకు జాలేసింది.

రైక్ మనసుని దాచుకునే పద్ధతి ఇంకా బాగుంటుంది. ఒక పాటల రచయిత్రి దగ్గరికి వెళ్లి, ఒకసారి వింటే బుర్రలోంచి పోని పిచ్చి పాట ఒకటి సంపాదిస్తాడు. అది లోపల తిరుగుతున్నంతసేపూ వినేవాడికి ఆ చెత్తే వినిపిస్తుంది, అసలు ఆలోచన దాని వెనక ఉండిపోతుంది. ఈ ఎత్తు తెలుగులో రాసే మనకి ఎందుకు తట్టలేదా అనుకుంటాను. పొద్దున్న ఆటోలో విన్న ఐటెం సాంగ్ రాత్రి పడుకునేదాకా వదలని దేశం మనది.

మాయాబజార్‌లో సత్యపీఠం గుర్తుందా? దానిమీద నిలబడగానే శకుని లోపలిదంతా కక్కేస్తాడు. హాల్లో ఈలలు. సినిమా ఆఖర్లో అది బ్రహ్మాండం, ఎందుకంటే అక్కడ కావలసింది శకుని పరువు పోవడమే, శిక్ష కాదు. డిటెక్టివ్ నవలలో సత్యపీఠం దొరికితే అసలు చిక్కు అప్పుడు మొదలవ్వాలి. ఎక్కించిన పద్ధతి సరైనదేనా? ముద్దాయి ఒప్పుకుని ఎక్కాడా, నెట్టి ఎక్కించారా?

ఇది నా చాదస్తం కాదు, మన దేశంలో నడిచిన గొడవే. మత్తు సూదిమందు ఇచ్చి మాట్లాడించే నార్కో ఎనాలిసిస్, లై డిటెక్టర్, మెదడు తరంగాల పరీక్ష అని మన పోలీసులు చాలాకాలం మోజుపడ్డారు. 2008లో పుణెలో ఒక సెషన్స్ కోర్టు మెదడు పరీక్ష ఫలితాన్ని కూడా లెక్కలోకి తీసుకుని జీవిత ఖైదు వేసింది. ప్రపంచమంతా ఆశ్చర్యపోయి చూసిన తీర్పు అది. రెండేళ్లకి, 2010 మే 5న, సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు ఆ ఆట కట్టించింది. మనిషి ఒప్పుకోకుండా ఈ పరీక్షల్లో ఏదీ చెయ్యకూడదు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ముద్దాయిని బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20(3) అధికరణంలో ఉంది. నోరు తెరవకుండా మెదడులోంచి లాగినా అది బలవంతమే అని కోర్టు చెప్పింది. ఒప్పుకుని చేయించుకున్నా, ఆ పరీక్ష ఫలితం దానంతటది సాక్ష్యం కాదు. దాని ఆధారంగా తర్వాత ఏదైనా వస్తువు దొరికితే, అది పనికిరావచ్చు.

ఈ తీర్పు చదువుతుంటే నాకు మీ నవలలే కళ్లముందు ఆడతాయి. మీ టెలిపాత్ డిటెక్టివ్ అంటే రెండు కాళ్లమీద నడిచే నార్కో టెస్టే కదా. సూదిమందు అక్కర్లేదు, అంతే తేడా. మరి అతను అనుమానితుడి తలలోకి దూరే ముందు మేజిస్ట్రేట్ దగ్గర సమ్మతి తీసుకున్నాడా? పైన కేంద్రంలో ఉంటే వీడియో కాల్‌లో తీసుకున్నాడా? సమ్మతి ఇవ్వనని ముద్దాయి మొండికేస్తే, పక్కగదిలో ఉన్నా అనుకోకుండా ఆలోచనలు చెవిన పడితే, అదీ బలవంతమేనా? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే నాలుగు ఎపిసోడ్లు నడుస్తాయి. మీరేమో ఒక్క కణత నొక్కుడుతో తోసేస్తున్నారు.

ఇంకా ముందుకు పోదాం. వకీళ్లకి ప్రాణం పోసే సెక్షన్ ఒకటుంది. పాత సాక్ష్య చట్టంలో 27, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23 కిందికి వచ్చింది. పోలీసుల ముందు ముద్దాయి ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. అయితే కస్టడీలో ఉన్న ముద్దాయి "కత్తి ఫలానా చోట దాచాను, రండి చూపిస్తాను" అని తీసుకెళ్లి, అది నిజంగా అక్కడ దొరికితే, ఆ మాటలో దొరికిన వస్తువుకు సంబంధించిన ముక్క మాత్రం చెల్లుతుంది. మన పోలీసు కేసులు సగం దీనిమీదే నడుస్తాయి. మేం క్రాస్ ఎగ్జామినేషన్‌లో పోలీసుల్ని అడిగే మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "ఆ కత్తి అక్కడుందని మీకు ముందే తెలుసు కదా?" ముందే తెలిసిందాన్ని కొత్తగా కనుక్కున్నట్టు చెప్పుకోవడం కుదరదు. ఇప్పుడు మీ టెలిపాత్‌ని బోనెక్కించండి. అతను ముద్దాయి నోరు విప్పకముందే మనసులో చూసేశాడు, వస్తువు ఎక్కడుందో అతనికి తెలుసు. అంటే అతని శక్తే రికవరీని చెడగొడుతోంది! తెలివైన టెలిపాత్ అయితే ఏం చేస్తాడు? తెలుసుకోకుండా ఉండటానికి కష్టపడతాడు. ముద్దాయి చెప్పేదాకా చెవులు మూసుకుని కూర్చుంటాడు. లేదా కావాలనే ఏ శక్తీ లేని ఒక మామూలు హెడ్ కానిస్టేబుల్‌ని పక్కన పెట్టుకుంటాడు, అతని ద్వారానే అన్నీ జరిపిస్తాడు. ఆ హెడ్ కానిస్టేబుల్ పాత్ర నాకు ఇప్పుడే కనిపిస్తోంది. ఎవరైనా రాసుకోండి, నాకు కాపీరైట్ ఏమీ వద్దు.

మనసులో ఉన్నదంతా నిజం అని మీరు అనుకోవడం ఇంకో సమస్య. మనసులో ఉండేది ఆ మనిషి నమ్మినది. తన పొరపాటు వల్లే ఎదుటివాడు చచ్చిపోయాడని కుమిలిపోయే అమాయకుడి మనసు చూస్తే అచ్చం హంతకుడి మనసులాగే ఉంటుంది. పదిమందిని ముంచి కూడా "నేను న్యాయమే చేశాను" అనుకునేవాడి మనసు ప్రశాంతంగా ఉంటుంది. 1941లోనే అసిమోవ్ మనసులు చదివే రోబో మీద కథ రాశాడు. మనిషికి హాని చెయ్యకూడదన్నది దాని మొదటి నియమం. ఎదుటివాళ్ల మనసు నొచ్చుకోవడం కూడా హానే అని దానికి అర్థమవుతుంది, అందుకని ఎవరికి ఏది వినాలనుందో అదే చెప్పి అబద్ధాలాడుతుంది. ఇంత సాదా పరిమితి ఒక్కటి పెట్టేసరికి కథ ఎలా తిరిగిందో చూడండి.

పరిమితులు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలంటారా? నిజంగా ఈ విద్యని పరీక్షించినవాళ్ల దగ్గరికే వెళ్లండి. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో జె.బి. రైన్ 1930ల్లో ఈ పని మొదలుపెట్టాడు. వృత్తం, కూడిక గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం, ఈ ఐదు బొమ్మలతో 25 కార్డుల కట్ట. ఒకరు కార్డు చూస్తారు, ఇంకొకరు ఏ బొమ్మో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా సగటున ఐదు తగులుతాయి. అంతకంటే ఎక్కువ మళ్లీ మళ్లీ తగిలితే ఏదో ఉందన్నది రైన్ వాదన. ఆ ఫలితాలను మిగతా సైంటిస్టులు ఒప్పుకోలేదు. ప్రయోగాల్లో లొసుగులు ఎత్తిచూపారు. నేను చెప్పేది ఆ గొడవ గురించి కాదు, లెక్క గురించి. 25కి ఎనిమిది సరిగ్గా చెప్పినవాణ్ణి చూసి ప్రయోగశాల పండగ చేసుకుంటుంది. అదే మనిషి సాక్షి బోనెక్కితే? మిగతా పదిహేడూ తప్పే కదా. అలాంటి సాక్షి నాకు దొరికితే పది నిమిషాలు చాలు. మీ టెలిపాత్ కూడా అలా ఉంటే ఎంత బాగుంటుంది! రూఢిగా ఏదీ తెలియదు, మామూలు మనిషి కంటే కొంచెం ఎక్కువ తగులుతుంది. ఏది తగిలిందో, ఏది తప్పిందో తనకే తెలియదు. అలాంటివాడు ఆధారాల వెంట పడక తప్పదు. పాఠకుడికీ పోటీపడే అవకాశం మిగులుతుంది.

మీ టెలిపాత్‌కి ఎక్కడో యూరప్‌లో రహస్య శిక్షణ ఇప్పిస్తుంటారు, అదీ నాకు అర్థం కాదు. విశాఖ ఉంది కదండీ. రైన్‌తో కలిసి డ్యూక్‌లో పనిచేసిన కె. రామకృష్ణారావు గారు మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1967లో సైకాలజీ, పారాసైకాలజీ శాఖ పెట్టారు. తర్వాత అదే యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయ్యారు. అమెరికాలో రైన్ సంస్థకి కూడా డైరెక్టర్‌గా ఉన్నారు. 2011లో పద్మశ్రీ వచ్చింది. సముద్రం పక్కన, ఆ పాత బిల్డింగుల్లో కార్డులు పట్టుకుని కూర్చున్న పరిశోధక విద్యార్థులు. ఇంత సరుకు ఇంటి దగ్గర పెట్టుకుని మనం జ్యూరిక్ ఎందుకు వెళ్తున్నాం?

అంతరిక్షానికీ టెలిపతీకీ నిజంగానే ఒక ముడి ఉంది. 1971 ఫిబ్రవరిలో అపోలో 14లో చంద్రుడి మీదికి వెళ్లిన ఎడ్గర్ మిచెల్, నాసాకి చెప్పకుండా, విశ్రాంతి వేళల్లో ఇవే ఐదు గుర్తులను మనసులో తలుచుకుంటూ భూమ్మీద ఉన్న తన పరిచయస్తులకి పంపే ప్రయత్నం చేశాడు. అందులో ఏదో ఉందని ఆయన నమ్మాడు, కాకతాళీయమేనని మిగతావాళ్లు కొట్టిపారేశారు. పక్కనే ఉన్న తోటి వ్యోమగాములకి ఈ సంగతే తెలియదు. ఆ ఇరుకు గదిలో పక్క మనిషి మనసులో ఏం జరుగుతోందో తెలియకుండా, రెండు లక్షల మైళ్ల అవతలికి మనసు విసురుతున్నాడు ఆ మహానుభావుడు.

ఇప్పుడు అసలు స్థలానికి వద్దాం. టెలిపతీ అయినా ఊహ, అంతరిక్ష కేంద్రం ఊహ కాదు. 2000 నవంబరు 2 నుంచి మనుషులు పైన ఖాళీ లేకుండా ఉంటున్నారు. ఇంత సమాచారం ఉన్న చోటిని మీరు నాలుగు స్టీలు గోడలు, రెండు ఎర్ర బల్బులుగా మార్చేస్తుంటే బాధేస్తుంది.

మూసిన గదిలో నేరం కావాలా? నిజంగా జరిగింది. 2018 ఆగస్టు 29 రాత్రి, ఆరుగురు వ్యోమగాములు నిద్రలో ఉండగా, కేంద్రంలో గాలి ఒత్తిడి మెల్లగా తగ్గుతోందని కింద కంట్రోలు వాళ్లు గమనించారు. ప్రాణాల మీదికి వచ్చేంత వేగం కాదు కాబట్టి లేపలేదు. పొద్దున లేచాక చెప్పారు. ఒక్కో గదీ మూసుకుంటూ వెతికితే, కేంద్రానికి తగిలించి ఉన్న రష్యా సోయుజ్ నౌక పైభాగంలో రెండు మిల్లీమీటర్ల రంధ్రం. జర్మన్ వ్యోమగామి అలెగ్జాండర్ గెర్స్ట్ ముందు వేలు అడ్డం పెట్టాడు. తర్వాత టేపు, ఆ తర్వాత జిగురు పూసిన గుడ్డ. అది ఉల్క తగిలిన రంధ్రం కాదు, డ్రిల్లుతో వేసింది. చుట్టూ డ్రిల్లు జారిన గీతలు కూడా ఉన్నాయి. వేసిందెవరు? కింద ఫ్యాక్టరీలోనా, పైనా?

దీని తర్వాతి భాగం ఏ డిటెక్టివ్ రచయితా కల్పించలేనంత బాగుంటుంది. సోయుజ్ కిందికి వచ్చేటప్పుడు ఆ పైభాగం విడిపోయి గాలిలో కాలిపోతుంది. అంటే నేరస్థలం తనంతట తానే బూడిదవుతుంది, తేదీ కూడా ఖరారైపోయింది. అందుకని డిసెంబరు 11న ఇద్దరు రష్యన్ వ్యోమగాములు బయటికి వెళ్లి, ఏడున్నర గంటలకు పైగా వేలాడుతూ, పట్టుకోవడానికి సరైన ఆసరా లేనిచోట, నౌకకి చుట్టిన తొడుగుని కత్తితో కోసి, రంధ్రం బయటి వైపు చూసి, నమూనాలు తీసుకున్నారు. తొమ్మిది రోజులకి నౌక భూమికి దిగింది, ఆ భాగం కాలిపోయింది. ఏం తేలిందో రష్యా పూర్తిగా బయటపెట్టలేదు. ఒళ్లంతా బరువైన సూటు, చేతికి లావుపాటి గ్లవుజు, దానితో కత్తి పట్టుకుని పంచనామా! మా సీఐలు ఎండగా ఉందని మధ్యవర్తుల రిపోర్టు స్టేషన్‌లో కూర్చుని రాసేస్తారు.

2020లో ఇంకో లీకు. ఎక్కడినుంచి గాలి పోతోందో పరికరాలకు అందలేదు. చివరికి వ్యోమగాములు ఒక టీ బ్యాగు చింపి, ఆకు పొడి గాలిలో వదిలి, గదిలోంచి బయటికొచ్చి తలుపు మూసి, కెమెరాలో చూస్తూ కూర్చున్నారు. పొడి తేలుకుంటూ తేలుకుంటూ జ్వెజ్దా అనే గదిలో (ఇలాంటి గదినే మాడ్యూల్ అంటారు) గోడమీది సన్నటి గీత దగ్గరికి చేరింది. పగులు దొరికింది. టీ పొడితో తేల్చిన కేసు! ఇది మీ నవలలో ఉంటే నేను రాత్రంతా మేలుకుని చదివేవాణ్ణి.

అదే సూత్రం మీ డిటెక్టివ్‌కి కూడా పనికొస్తుంది. అక్కడ వదిలేసిన వస్తువు కిందపడదు. ఫ్యాన్లు తోసే గాలితో పాటు తేలుతూ పోయి గాలి లోపలికి పీల్చుకునే జాలీ దగ్గర ఆగుతుంది. పైన ఏ స్క్రూ పోయినా ముందు చూసేది అక్కడే. కాబట్టి నేరం జరిగాక మీవాడు కణతలు నొక్కుకోవడం మానేసి ముందు ఆ జాలీ చూడాలి. వెంట్రుక, దారం పోగు, మాత్ర చుట్టిన రేకు ముక్క, అన్నీ అక్కడే ఉంటాయి.

శవం సంగతి కూడా కాస్త ఆలోచించండి. చనిపోయాక రక్తం శరీరంలో కింది వైపుకి దిగి చర్మం ఊదా రంగుకి తిరుగుతుంది. శవాన్ని తర్వాత కదిలించారా, బోర్లా ఉన్నవాణ్ణి వెల్లకిలా తిప్పారా అన్నది డాక్టర్లు చాలావరకు దాన్ని చూసే చెబుతారు. పైన "కింద" అన్నదే లేదు. పోస్టుమార్టం డాక్టరుకి మొదటి ఆధారమే పోయింది. రక్తం చుక్కలుగా పడదు, గోళంగా తేలుతుంది, లేదా గాయానికే అంటుకుని గుమ్మటంలా ఉబ్బుతుంది. ఉరి అసలు కుదరదు. మీ సీరియల్ ఒకదానిలో వ్యోమగామి సీలింగ్‌కి ఉరివేసుకున్నాడు, దండం పెట్టేశాను. "ఆ టైముకి నేను అక్కడ లేను" అని చెప్పుకునే ఎలిబీలు కూడా తలకిందులవుతాయి. కేంద్రం తొంభై నిమిషాలకోసారి భూమిని చుట్టేస్తుంది, రోజుకి పదహారు సూర్యోదయాలు. "చీకటి పడ్డాక చూశాను సార్" అన్న సాక్షిని ఏ చీకటి అని అడగాలి.

తుపాకీలు, లేజర్లు పెట్టకండి, అక్కర్లేదు. అక్కడ మనిషిని చంపడానికి ఒక ఫ్యాను చాలు. భారం లేనిచోట వేడి గాలి పైకి లేవదు. నిద్రపోతున్నవాడు వదిలిన ఊపిరి మొహం దగ్గరే నిలిచిపోతుంది. ఫ్యాను తోసెయ్యకపోతే వాడు విడిచిన కార్బన్ డయాక్సైడ్‌నే వాడు మళ్లీ పీలుస్తాడు. అందుకే పడుకునే అరల దగ్గర గాలి ఆడేలా చూస్తారు. తలనొప్పితో ఊపిరాడక మెలకువ రావాలి, ముందే నిద్రమాత్ర పడి ఉంటే రాదు. హత్యాయుధం ఒక స్విచ్చు. అయితే కేంద్రంలో ఫ్యాన్ల హోరు ఎప్పుడూ ఉంటుంది, ఒక్కటి ఆగినా అలవాటుపడిన చెవికి తెలిసిపోతుంది. పైగా సెన్సర్ల రీడింగులు కిందికి వస్తూనే ఉంటాయి. అంటే సాక్షులు ఇద్దరు. ఒకటి యంత్రం, దానికి మనసు లేదు, టెలిపాత్‌కి దొరకదు. రెండోది నిద్రలో ఏదో తేడా విని మళ్లీ పడుకున్న పక్క అర మనిషి. తాను విన్నట్టు అతనికే గుర్తులేదు, మనసులో మాత్రం ఎక్కడో ఉంది. అతని సమ్మతితో, అతని జ్ఞాపకంలోంచి ఆ ఆగిన హోరుని వెలికితీసి, టైము తెలుసుకుని, యంత్రం రీడింగుతో పోల్చి చూడటం టెలిపాత్ చెయ్యదగిన పని. ఇక్కడ శక్తి దారి చూపిస్తుంది, రుజువు మాత్రం కాగితం మీద ఉంటుంది.

ఇంతకీ కేసు ఎక్కడ కడతారు? మీ నవలల్లో ఈ ఊసే రాదు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ఎనిమిదో అధికరణం ప్రకారం, నౌక ఏ దేశం రిజిస్టరులో ఉంటే దానిమీద ఆ దేశానిదే అధికారం. ఇప్పుడున్న అంతర్జాతీయ కేంద్రానికి 1998లో భాగస్వాములు చేసుకున్న ఒప్పందం వేరే. అక్కడ నేరమైతే ముందుగా ముద్దాయి ఏ దేశస్థుడో ఆ దేశమే చూసుకుంటుంది. భారత్ అందులో భాగస్వామి కాదు. 2025 జూన్, జులైల్లో అక్కడ ఉండి మెంతులు మొలకెత్తించిన మన శుభాంశు శుక్లా అతిథిగా వెళ్లినవాడే.

రేపు మనకే కేంద్రం వస్తుంది. భారతీయ అంతరిక్ష్ స్టేషన్ మొదటి మాడ్యూల్ 2028కి, మొత్తం ఐదు మాడ్యూళ్లు 2035కి అని లక్ష్యం పెట్టుకున్నారు. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి పైకెళ్లిన రెండు చిన్న ఉపగ్రహాలు 2025 జనవరి 16న కక్ష్యలోనే ఒకదానికొకటి అతుక్కున్నాయి, అది దీనికి ఓనమాలు. ఆ ప్రయోగం మా మేడ మీంచి చూశాం లెండి. సరే, అందులో నేరం జరిగిందనుకోండి. భారతీయ న్యాయ సంహిత ఒకటో సెక్షన్‌లోనే ఉంది, మన పౌరుడు దేశం బయట ఎక్కడ నేరం చేసినా వర్తిస్తుంది. పౌరుడు కానివాడైతే, హత్యలాంటి నేరం మన దగ్గర రిజిస్టరైన ఓడలో గానీ విమానంలో గానీ చెయ్యాలి. అంతరిక్ష కేంద్రం ఓడా, విమానమా? ముద్దాయి ఒక విదేశీ అతిథి అయితే అతని వకీలు మొదటి రోజే ఈ పాయింటు మీద లేస్తాడు. నేనైతే లేస్తాను. ఇక ఎఫ్ఐఆర్ శ్రీహరికోటలోనా, బెంగళూరులోనా? ఎక్కడో ఒకచోట జీరో ఎఫ్ఐఆర్ కట్టి పంపాలి. కొత్త చట్టంలో సోదా, జప్తు వీడియో తియ్యాలి, పంచులు, అంటే జప్తుకి సాక్షులు, సంతకం చెయ్యాలి. నలుగురే ఉన్న కేంద్రంలో ఒకడు చచ్చిపోతే మిగిలిన ముగ్గురూ అనుమానితులే. పంచులు ఎవరు? హంతకుడే పంచు అయి "నా సమక్షంలో జప్తు చేశారు" అని సంతకం పెడితే? అబ్బ, ఆ అధ్యాయం కోసం నేను ఎదురుచూస్తాను.

బాబిలోన్ 5 అనే అమెరికన్ టీవీ సీరియల్, 1990ల్లో వచ్చింది, మీలో కొందరు చూసే ఉంటారు. పెద్ద అంతరిక్ష కేంద్రం, టెలిపాత్‌లు. వాళ్లకి బ్యాడ్జీ, చేతికి తొడుగులు, అనుమతి లేకుండా ఎవరి మనసులోనూ దూరకూడదన్న కట్టుబాటు, వాళ్లందరినీ గుప్పిట్లో పెట్టుకున్న ఒక సంస్థ. అందులోని టెలిపాత్ పోలీసు పేరు ఆల్ఫ్రెడ్ బెస్టర్. 'ది డిమాలిష్డ్ మ్యాన్' రాసిన బెస్టర్‌కి అలా దండం పెట్టుకున్నారు. చట్టం ఉన్నచోటే దాన్ని తప్పేవాడు కూడా పుడతాడు. మీ లోకంలో టెలిపతీకి ఏ రూలూ లేకపోతే మీ విలన్ తప్పడానికి ఏముంటుంది?

కాబట్టి నేను అడిగేది చిన్నదే. మీ తర్వాతి నవల మొదటి రెండు అధ్యాయాల్లోనే చెప్పెయ్యండి, మీ టెలిపాత్ ఎంత దూరం నుంచి వినగలడు, ఎప్పుడు వినలేడు, ఎన్నిసార్లు తప్పుతాడు, విన్నది కోర్టులో ఎంతవరకు చెల్లుతుంది. చెప్పాక మధ్యలో మార్చకండి. కథ రాసుకున్నాక మీ డిటెక్టివ్ తరఫున ఛార్జిషీటు ఒకటి రాసి చూడండి. "మనసులో చూశాను" అన్న వాక్యం కొట్టేసినా కేసు నిలబడాలి. నిలబడకపోతే మళ్లీ ఆ జాలీ దగ్గరికి వెళ్లి వెతకండి, ఏదో ఒకటి దొరుకుతుంది.

ఎవరైనా అలాంటి రాతప్రతి పంపితే ముద్దాయి వకీలుగా చదివి, క్రాస్ ప్రశ్నలు మార్జిన్‌లో రాసి వెనక్కి పంపుతాను. ఫీజు వద్దు. ఫ్యాను ఆపిందెవరో మాత్రం చివరి పేజీ దాకా నాకు చెప్పకండి.

ఇట్లు,
నెల్లూరు నుంచి ఒక వకీలు పాఠకుడు